పాత కారు మీటరులో కిలోమీటర్ల అంకెలు సరిగ్గా పడటం లేదా? ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు

మా నాన్నగారి కారు 2006 మోడల్, చిన్న పెట్రోలు బండి. ఖమ్మంలో ఆయన దాన్ని చాలా ఏళ్ళు ప్రాణంలా చూసుకున్నారు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు రీడింగు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. ఒక వేసవిలో నేను ఇంటికి వెళ్ళినప్పుడు మీటరులో 76,400 కనిపించింది. ఇంజిన్ ఆయిల్ మార్చాల్సింది 77,000కి. ఇంకా టైముందిలే అనుకున్నాను. తర్వాత నోటుబుక్కు తిరగేస్తే కిందటి నెలలోనే 78,100 అని రాసి ఉంది. బండి వెనక్కి ఎలా వెళ్తుంది? టార్చి వేసి దగ్గరగా చూస్తే అర్థమైంది. వేల స్థానంలో ఉన్న 8లో కుడివైపు పై గీత పడటం మానేసింది. ఆ ఒక్క గీత లేకపోతే 8 కాస్తా 6లా కనిపిస్తుంది. ఆయిల్ మార్పు అప్పటికే 1,400 కిలోమీటర్లు ఆలస్యమైంది.

ఒక షాపులో చూపిస్తే, "మీటరు మొత్తం మార్చాలి సార్, కొత్తది దొరకదు, పాత బండిది తెచ్చి వేస్తాం, రీడింగు మీరు ఎంతంటే అంత పెడతాం" అన్నారు. ఆ చివరి మాట నాకు అస్సలు నచ్చలేదు. మీటరు నేనే విప్పి చూశాను. దొరికింది టంకంలో వెంట్రుక కంటే సన్నని ఒక పగులు. అరగంటలో అంకె మళ్ళీ నిండుగా వచ్చింది. ఆ తర్వాత చుట్టాలవీ, స్నేహితులవీ ఇంకొన్ని మీటర్లు బాగుచేశాను. చాలావాటిలో జరిగింది ఇదే. లెక్క పోలేదు, కనిపించడం మాత్రమే ఆగింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు భయం పోగొట్టుకోండి: అంకె ఎక్కడికీ పోదు

పాత కేబుల్ మీటర్లలో అంకెలు రాసిన చిన్న చక్రాలు తిరిగేవి. మనం మాట్లాడుకుంటున్న డిజిటల్ మీటర్లలో అవి ఉండవు. మొత్తం కిలోమీటర్లు మీటరు బోర్డు మీదున్న ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి. చాలా పాత బండ్లలో ఆ చిప్ మీద 93సి46, 93సి56, 24సి02 లాంటి నంబర్లు కనిపిస్తాయి, ఎనిమిది కాళ్ళుంటాయి. కరెంటు లేకపోయినా ఇందులో రాసింది చెరిగిపోదు. బ్యాటరీ తీసినా, మీటరును నెల రోజులు బీరువాలో పెట్టినా రీడింగు అలాగే ఉంటుంది. గడియారం, ట్రిప్ మీటరు మాత్రం సున్నాకి వస్తాయి, అంతే.

ఆ చిప్ నుంచి అంకెను మన కంటికి చూపించే దారి వేరు. చిప్, ప్రాసెసర్, బోర్డు మీది రాగి గీతలు, టంకం, రబ్బరు పట్టీ లేదా కాళ్ళు, చివరికి ఎల్‌సీడీ గాజు. లోపం దాదాపు ఎప్పుడూ ఈ దారి చివరి రెండు మూడు మెట్లలోనే ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఎండకు మరిగి, రాత్రికి చల్లారి, గుంతల్లో అదిరిన బండిలో అతుకులు వదులవడం సహజం. మెమరీ చిప్ జోలికి మనం అసలు వెళ్ళం. వెళ్ళాల్సిన పనీ లేదు.

మొదటి మెట్టు: ఏ రకం లోపమో తెలుసుకోండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెండు మూడు రోజులు మీటరును గమనించండి. పని సగం ఇక్కడే అయిపోతుంది.

ఇప్పుడున్న రీడింగును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అంకెలు సరిగ్గా కనిపించకపోతే పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీయండి. ఏదో ఒక ఫోటోలో పూర్తి అంకె దొరుకుతుంది. పాత సర్వీసు బిల్లులు కూడా బయటికి తీయండి.

చలువ కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తున్నారేమో గమనించండి. పోలరైజ్డ్ అద్దాల్లోంచి చూస్తే బాగున్న ఎల్‌సీడీ కూడా కొన్ని కోణాల్లో నల్లగా కనిపిస్తుంది. అద్దాలు తీసి చూశాకే లోపం ఉందని నిర్ణయించుకోండి. అలాగే మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే డిస్‌ప్లే మొత్తం నల్లగా ఉండి, ఏసీ వేసిన కాసేపటికి మామూలైతే అది విరిగిపోయినట్టు కాదు. ఎల్‌సీడీలోని ద్రవం బాగా వేడెక్కితే అలాగే అవుతుంది. మధ్యాహ్నం కారును నీడలో పెడితే చాలు.

ఇప్పుడు అసలు లక్షణాలు. అంకెల్లో కొన్ని గీతలు మాత్రమే పోతుంటే ఏ గీతలు పోయాయో కాగితం మీద గీసుకోండి. ట్రిప్ మీటరు బటన్ నొక్కి సున్నా చేసి అది కూడా చూడండి. ఎల్‌సీడీలో ఒక్కో కాలు ఒక్కో గీతకు ఉండదు, కొన్ని గీతలు ఒకే కాలిని పంచుకుంటాయి. అందుకని ఒక్క అంకెలోనే గీతలు పోయాయంటే ఆ అంకెకు వెళ్ళే కాలి దగ్గర లోపం. అన్ని అంకెల్లోనూ ఒకే వరుస గీతలు, ఉదాహరణకు అన్నింటిలో పై అడ్డగీత పోయిందంటే, అందరికీ ఉమ్మడిగా ఉండే కాలు పట్టు వదిలింది. ఈ చిన్న బొమ్మ తర్వాత బోర్డు మీద ఎక్కడ వెతకాలో చెబుతుంది.

డిస్‌ప్లే మొత్తం ఖాళీగా ఉందా? టార్చి పక్క నుంచి వేసి చూడండి. లేతగా అంకెలు కనిపిస్తే ఎల్‌సీడీ బాగానే ఉంది, వెనుక దీపం పోయింది. అన్నింటికంటే తేలిక పని ఇదే. టార్చి వేసినా ఏమీ లేకపోతే డిస్‌ప్లేకి కరెంటు అందడం లేదు, లేదా ఉమ్మడి కాళ్ళన్నీ వదులయ్యాయి.

గుంతలో పడినప్పుడు అంకెలు వచ్చి పోతున్నాయా? మీటరు గాజు పక్కన ప్లాస్టిక్ మీద వేలితో మెల్లగా తట్టండి. తట్టినప్పుడు గీతలు వస్తే లూజ్ కాంటాక్ట్ ఖాయం. పొద్దున బాగుండి మధ్యాహ్నం పోయేదీ, మధ్యాహ్నం బాగుండి పొద్దున పోయేదీ కూడా ఇదే జాతి. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, పగులు తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది.

అంకెలు స్పష్టంగా ఉన్నాయి, కానీ బండి నడిచినా పెరగడం లేదంటే ఇది డిస్‌ప్లే జబ్బు కాదు. స్పీడు ముల్లు కూడా లేవకపోతే గేర్‌బాక్సు మీదున్న స్పీడ్ సెన్సర్‌నో దాని వైరునో చూడాలి. మీటరు విప్పకండి. ఇందులో ఒక ప్రత్యేకమైన కేసు ఉంది. అమెరికాకు చదువుకోడానికి వెళ్ళిన మన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో ఇష్టంగా కొనే పాత టయోటా కరోలాల్లో 2003 నుంచి 2008 వరకు వచ్చినవి 2,99,999 మైళ్ళ దగ్గర ఆగిపోతాయి. అది ఆ మీటరు ప్రోగ్రాములోని హద్దు, టంకంతో బాగయ్యేది కాదు.

ముళ్ళు, దీపాలు, అంకెలు అన్నీ ఒకేసారి పోతే ఫ్యూజు చూడండి, తర్వాత ఎర్త్ వైరు చూడండి. ఫ్యూజు డబ్బా మూత లోపలివైపు మీటరు ఫ్యూజు ఏదో రాసి ఉంటుంది. మీటరుకు సాధారణంగా రెండు దారుల్లో కరెంటు వస్తుంది. ఒకటి ఎప్పుడూ ఉండేది, ఇంకొకటి తాళం తిప్పితే వచ్చేది. ప్రతిసారీ ట్రిప్ మీటరు, గడియారం సున్నాకి వస్తున్నాయంటే ఎప్పుడూ ఉండాల్సినది తెగిందని అర్థం.

కావలసిన సామాను

25 వాట్ల సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్ వైరు (60 వంతులు తగరం, 40 వంతులు సీసం ఉన్న టంకం తీగ), ఫ్లక్సు (టంకం బాగా పట్టడానికి పూసేది), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మల్టీమీటరు, స్టార్ స్క్రూడ్రైవర్లు రెండు సైజులు, 10వ నంబరు స్పానర్, భూతద్దం, చెవి పుల్లలు, పిల్లలు వాడే తెల్ల రబ్బరు, మాస్కింగ్ టేపు. క్లిప్పులు ఎత్తడానికి ప్లాస్టిక్ పనిముట్టు లేకపోతే పాత ఏటీఎం కార్డు చాలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి. మిగతా ఊళ్ళలో టీవీ రిపేరు సామాను అమ్మే షాపులో అడగండి. శానిటైజర్ వాడకండి, అందులో నీరూ జిగురూ ఉంటాయి. పెట్రోలు, థిన్నరు అసలే వద్దు, ప్లాస్టిక్‌నూ గాజు మీది ఫిల్మునూ తినేస్తాయి.

సోల్డరింగ్ ఎప్పుడూ చేయకపోతే ముందు ఒక పాడైన రేడియో బోర్డు తెచ్చుకుని ఇరవై ముప్పై కాళ్ళు అతికించి చూడండి. ఒక సాయంత్రం పని. చేయి కుదురుకున్నాకే మీటరు ముట్టుకోండి.

రెండో మెట్టు: మీటరును బయటికి తీయడం

తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే ఆ తర్వాత కనీసం పది నిమిషాలు ఏమీ ముట్టుకోకండి. దాని కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు దిగిపోవాలి. రేడియోకి కోడ్ ఉండే బండైతే ఆ కోడ్ మీ దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి.

స్టీరింగును కిందికి వంచగలిగితే పూర్తిగా వంచి, స్టీరింగు కాలమ్ మీద పాత తువ్వాలు కప్పండి. మీటరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రానికి పైభాగం లోపలివైపు సాధారణంగా రెండు స్క్రూలు ఉంటాయి. అవి తీశాక మిగతాది క్లిప్పుల మీద ఉంటుంది. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి ఒకే చోట గట్టిగా లాగకుండా చుట్టూ కొద్దికొద్దిగా వదులు చేయండి. చలికాలం పొద్దున కంటే మధ్యాహ్నం చేస్తే క్లిప్పులు విరగవు.

తర్వాత మీటరును పట్టుకున్న మూడు నాలుగు స్క్రూలు. తీసి ముందుకు వంచితే వెనుక కప్లర్లు, అంటే వైర్ల గుత్తిని మీటరుకు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు, కనిపిస్తాయి. ప్రతి కప్లరుకూ ఒక నొక్కుడు నాలుక ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని కప్లర్ ప్లాస్టిక్‌ను లాగాలి, వైర్లు పట్టుకుని లాగకూడదు. ఏ కప్లర్ ఎక్కడిదో ఫోటో తీసి, టేపు ముక్కల మీద నంబర్లు రాసి అంటించండి. అన్ని కప్లర్లూ వేరువేరు ఆకారాల్లో ఉన్నా ఈ పని మానకండి, రెండు రోజుల తర్వాత బిగించాల్సి వస్తే ఆ ఫోటోలే దిక్కు.

మీటరును బోర్లా పడుకోబెట్టకండి. కొన్ని మీటర్లలో ముళ్ళు ఊగకుండా లోపల చిక్కటి సిలికోన్ నూనె ఉంటుంది. ఎక్కువసేపు తలకిందులుగా ఉంచితే అది కారి డయల్ మీదికి వస్తుంది, ఆ మచ్చ పోదు. నిలబెట్టి లేదా వెల్లకిలా ఉంచి పనిచేయండి.

కప్లర్లు చేతిలో ఉన్నప్పుడే వాటి పిన్నులు చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆల్కహాల్‌తో తుడవండి. ఎర్త్ వైరుకూ బాడీకీ మధ్య మల్టీమీటరు పెడితే ఒక ఓమ్ కంటే తక్కువ చూపించాలి. ఎక్కువ చూపిస్తే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించండి. ఒక స్నేహితుడి బండికి ఇక్కడితోనే పని అయిపోయింది, మీటరు విప్పనే లేదు.

మూడో మెట్టు: విప్పడం, వెతకడం

చేతులు కడుక్కుని ఆరబెట్టుకోండి. సింథటిక్ చొక్కా వేసుకోకండి. బోర్డు ముట్టుకునే ముందు ఇనుప కిటికీనో, కారు బాడీనో తాకండి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు చిప్పులకు మంచిది కాదు.

వెనుక మూత ముందు తీయండి. చాలా మీటర్లలో బోర్డు వెనుక నుంచే కనిపిస్తుంది, ముళ్ళు తీయాల్సిన పనే రాదు. రాకపోతే అదృష్టం. ముళ్ళు తీయకుండా అయ్యే పనికి ముళ్ళు తీయకండి. తప్పనిసరైతే, ప్రతి ముల్లు ఇప్పుడు ఎక్కడ ఆగి ఉందో ఫోటో తీసి, డయల్ మీద మాస్కింగ్ టేపు ముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత డయల్ గీసుకోకుండా అట్టముక్క పెట్టి, రెండు చెంచాలు ఎదురెదురుగా ముల్లు కిందికి తోసి సమానంగా ఎత్తండి. పక్కకి తిప్పి లాగితే లోపలి ఇరుసు వంగుతుంది. మళ్ళీ పెట్టేటప్పుడు గుర్తు దగ్గరే పెట్టాలి, లేకపోతే స్పీడు తప్పు చూపిస్తుంది.

ఇప్పుడు బోర్డు మీద భూతద్దంతో ఎల్‌సీడీ ఎక్కడ కలుస్తుందో చూడండి. మూడు రకాలు. లోహపు కాళ్ళతో బోర్డులోకి దిగి టంకం వేసినది ఒకటి. గాజుకూ బోర్డుకూ మధ్య గులాబీ రంగులోనో, బూడిద రంగులోనో ఉండే మెత్తటి రబ్బరు పట్టీతో కలిసేది రెండోది. సన్నని ప్లాస్టిక్ రిబ్బనుతో గాజు అంచుకు అతికించినది మూడోది. మీది ఏ రకమో తెలిస్తే ఏం చేయాలో తెలిసినట్టే.

కాళ్ళ రకం: టంకం మళ్ళీ కరిగించడం

మా నాన్నగారి బండిది ఇదే. ప్రతి కాలి చుట్టూ ఉన్న టంకం చిన్న కొండలా, మెరుస్తూ, బోర్డునూ కాలినీ పట్టుకుని ఉండాలి. పాడైన చోట కాలి చుట్టూ ఒక సన్నని నల్లటి ఉంగరంలాంటి గీత కనిపిస్తుంది. అదే పగులు. నేరుగా చూస్తే కనిపించదు, టార్చిని పక్క నుంచి వేసి బోర్డును అటూ ఇటూ వంచుతూ చూడండి. చెక్క పుల్లతో కాలిని మెల్లగా కదిపితే టంకంలో విడిగా కదలడం తెలుస్తుంది.

పగులు ఒక్క కాలి దగ్గరే కనిపించినా అన్ని కాళ్ళూ చేయండి. ఒకటి పగిలిందంటే మిగతావీ అదే వయసువి, అదే ఎండ తిన్నవి. నేను మొదటిసారి ఒక్క కాలే చేసి బిగించాను. నాలుగు నెలలకు పక్కది వదిలింది, మళ్ళీ మొత్తం విప్పాల్సి వచ్చింది.

చేసే తీరు ఇది. ముందు ఆల్కహాల్‌తో ఆ వరుస శుభ్రం చేయండి. బోర్డు మీద పారదర్శకమైన పూత ఉంటే కాళ్ళ దగ్గర అగ్గిపుల్ల మొనతో గీకేయండి. ఫ్లక్సు కొద్దిగా పూయండి. ఐరన్ మొనను తడి స్పాంజికి తుడిచి, కొంచెం సోల్డర్ అంటించి, కాలినీ రాగినీ ఒకేసారి తాకేలా పెట్టండి. పాత టంకం కరగగానే సోల్డర్ వైరు కొసను ఆ చోట తాకించండి, ఐరన్‌కి కాదు. ఇసుక రేణువంత కొత్త టంకం కలిస్తే చాలు. మొత్తం రెండు మూడు సెకన్లు. 60/40 సోల్డర్ 190 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు పెట్టాల్సిన అవసరం లేదు. ఎక్కువ పెడితే రాగి పొర బోర్డు నుంచి లేచిపోతుంది, కాలి వెంట వేడి ఎక్కి గాజు అంచు దెబ్బతింటుంది. ఐరన్ తీశాక చల్లారేదాకా బోర్డు కదపకండి. కదిపితే టంకం మసకగా, గరుకుగా గట్టిపడుతుంది, అది మళ్ళీ పగులుతుంది.

వరుసగా పక్కపక్క కాళ్ళు చేయకండి. ఒకటి ఈ కొసన, ఇంకొకటి ఆ కొసన చేస్తూ పోతే వేడి ఒకచోట పోగవదు. అయ్యాక రెండు కాళ్ళ మధ్య టంకం వంతెన పడిందేమో భూతద్దంతో చూడండి. మీటరు వెనుక కప్లర్ దిగే పిన్నుల టంకం కూడా ఇలాగే చేయండి, అక్కడా పగుళ్ళు వస్తాయి. సోల్డర్‌లో సీసం ఉంటుంది. కిటికీ తెరిచి పనిచేయండి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

రబ్బరు పట్టీ రకం

దీన్ని జీబ్రా పట్టీ అంటారు. కరెంటు పారే పొర, పారని పొర, మళ్ళీ పారే పొర అని వందల సన్నని పొరలు పక్కపక్కన ఉంటాయి. టంకం లేదు, ఒత్తిడితోనే పనిచేస్తుంది. చట్రం వదులైనా, మధ్యలో దుమ్మూ తేమా చేరినా గీతలు పోతాయి. ఇది బాగుచేయడం టంకం కంటే తేలిక, ఐరన్ అక్కర్లేదు.

ఎల్‌సీడీని పట్టుకున్న చట్రం నాలుకలు ఒక్కొక్కటిగా వదులు చేయండి. గాజు ఏ వైపు పైకి ఉందో గుర్తు పెట్టుకోండి. పట్టీని నూలుపోగులు రాలని బట్టకు ఆల్కహాల్ తడి చేసి ఒక్కసారి మెల్లగా తుడవండి, రుద్దకండి. ఆ పట్టీ ఆనే చోట బోర్డు మీదున్న మెరిసే లోహపు గీతలను తెల్ల రబ్బరుతో తేలికగా చెరిపి, రజను తుడిచి, ఆల్కహాల్ పూయండి. గాజు అంచు మీద కూడా కనీకనిపించని పారదర్శకమైన గీతలుంటాయి. వాటి మీద రబ్బరు వాడకండి, చెరిగిపోతాయి. ఆల్కహాల్ తడి చెవిపుల్ల చాలు. పూర్తిగా ఆరాక పట్టీని తిన్నగా కూర్చోబెట్టి చట్రం బిగించండి. పట్టీ అర మిల్లీమీటరు పక్కకు జరిగినా తప్పు గీతలు వస్తాయి. రబ్బరు అణిగిపోయి ఒత్తిడి సరిపోవడం లేదనిపిస్తే చట్రానికీ గాజుకూ మధ్య, అంకెలకు అడ్డం రాకుండా, సన్నని కాగితం పట్టీ పెట్టండి. అంతకంటే మందం పెడితే గాజు పగులుతుంది.

రిబ్బను రకం

1990ల చివర్లో, 2000ల మొదట్లో వచ్చిన కొన్ని యూరప్ బండ్లలో ఈ రకం ఉంది. బీఎండబ్ల్యూ ఇ39, ఆడి ఎ4, శాబ్ 9-5 లాంటివాటిలో చుక్కల డిస్‌ప్లే వరుసలు వరుసలుగా మాయమవడం దీనివల్లే. రిబ్బనును వేడితో, ఒత్తిడితో కార్బన్ జిగురు కరిగించి అతికిస్తారు. వేడి కాస్త తక్కువైతే పట్టదు, కాస్త ఎక్కువైతే రిబ్బను ముడుచుకుపోయి ఇక దేనికీ పనికిరాదు. మొదటిసారి చేసేవాళ్ళు దీన్ని ముట్టుకోవద్దనే నా సలహా. మీటరు బయటికి తీసేదాకా మీరే చేసి, డిస్‌ప్లే పని మాత్రం తెలిసినవాళ్ళకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు, "రీడింగు మార్చకూడదు, ఇదిగో ఫోటో" అని ముందే చెప్పండి.

దీపం, నల్లమచ్చలు, ఇంకా కొన్ని

వెనుక దీపం పోయిందని తేలితే, మీటరు వెనుక ప్లాస్టిక్ హోల్డరును పావు వంతు తిప్పితే బల్బు బయటికి వస్తుంది. ఎక్కువగా 12 వోల్టులు, 1.2 వాట్ల చిన్న గాజు బల్బులుంటాయి. పాతది తీసుకెళ్ళి అలాంటిదే అడగండి. ఎల్ఈడీ పెడితే వెలగకపోవచ్చు, అప్పుడు తిప్పి పెట్టండి, దానికి ప్లస్ మైనస్ ఉంటాయి. ఎక్కువ వాట్ల బల్బు మాత్రం పెట్టకండి, ఆ వేడికి డయల్ గోధుమరంగుకు మారుతుంది.

గాజు మీద నల్లగా, ఊదాగా మచ్చలు పాకి అంకెలు కప్పేస్తుంటే అది ఎండకు పాడైన పోలరైజర్ ఫిల్ము, అంటే అంకెలు కనిపించేలా గాజుకు అంటించే సన్నని పొర. ఎప్పుడూ ఎండలో ఉండే బైకులు, స్కూటర్ల మీటర్లలో ఇది ఇంకా ఎక్కువ చూస్తాం, మరమ్మతు కూడా ఒకటే. పాత ఫిల్మును మూల నుంచి మెల్లగా ఒలిచి, మిగిలిన జిగురును ఆల్కహాల్‌తో ఓపికగా తుడవండి. ఈ పని గంట పట్టినా తొందరపడకండి, గాజు చాలా పలుచన. కొత్త ఫిల్మును కత్తిరించే ముందే మీటరుకు కరెంటు ఇచ్చి, ఫిల్మును గాజు ముందు పట్టుకుని తిప్పుతూ చూడండి. అంకెలు నల్లగా, వెనుక తెల్లగా వచ్చే కోణం దొరుకుతుంది. అక్కడి నుంచి 90 డిగ్రీలు తిప్పితే తెలుపు నలుపు తారుమారవుతాయి. సరైన కోణం గుర్తు పెట్టుకుని అప్పుడు కత్తిరించండి.

అంకెలు నీలి ఆకుపచ్చ రంగులో వాటంతటవే వెలిగే రకమైతే అది ఎల్‌సీడీ కాదు. దాన్ని నడపడానికి బోర్డు మీద విడిగా ఎక్కువ వోల్టేజి తయారవుతుంది. అవి మసకబారితే ముందు ఉబ్బిన, కారిన కెపాసిటర్లు ఉన్నాయేమో చూడండి. మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల రకం తీసుకోండి. ప్లస్ మైనస్ తారుమారు కాకుండా పాతదాన్ని ఫోటో తీసుకున్నాకే పీకండి.

చివరి మెట్టు: బిగించే ముందు పరీక్ష

స్క్రూలన్నీ బిగించేసి తర్వాత చూద్దాం అనుకోకండి. కప్లర్లు తగిలించి, మీటరును చేత్తో పట్టుకుని, బ్యాటరీ కలిపి తాళం తిప్పండి. హెచ్చరిక దీపాలన్నీ ఎప్పటిలాగే వెలిగి ఆరాలి, ఎయిర్‌బ్యాగ్ దీపం సహా. రీడింగు మీరు తీసిన ఫోటోతో అంకె అంకె సరిపోవాలి. ట్రిప్ సున్నా చేసి చూడండి. పక్క నుంచి తట్టి చూడండి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరును ఒక అడుగు దూరం నుంచి రెండు నిమిషాలు పట్టి, వేడికి ఏ గీతైనా పోతుందేమో చూడండి. ఇంట్లో మే నెల తెప్పించి పరీక్ష చేసినట్టన్నమాట. ఇవన్నీ దాటాక బ్యాటరీ మళ్ళీ తీసి, మీటరు పూర్తిగా బిగించండి.

తర్వాత బండిని జాతీయ రహదారి ఎక్కించండి. పసుపు తల ఉన్న ఒక కిలోమీటరు రాయి దగ్గర ట్రిప్ మీటరు సున్నా చేసి పది రాళ్ళు దాటేదాకా నడపండి. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని రాళ్ళు వాళ్ళను లెక్కపెట్టమనండి, మీరు రోడ్డు చూడండి. ట్రిప్ పది దగ్గరలో ఉంటే లెక్క సరిగ్గానే నడుస్తోంది. తేడా చాలా ఉంటే టైర్ల సైజు ఎప్పుడైనా మార్చారేమో గుర్తు తెచ్చుకోండి. పెద్ద టైరు వేస్తే మీటరు తక్కువ చూపిస్తుంది.

వేరే మీటరు వేయక తప్పకపోతే

గాజే పగిలిపోతే ఏ టంకమూ పనిచేయదు. అలాంటప్పుడు సెకండ్ హ్యాండ్ మీటరు కోసం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెతకొచ్చు. బయటి ఆకారం ఒకటైతే చాలదు, వెనుక స్టిక్కరు మీది పార్ట్ నంబరు పూర్తిగా కలవాలి. కొనే ముందు ఆలోచించండి, అవసరం మీటరుకా, డిస్‌ప్లేకా? అదే మోడల్ మీటరు నుంచి ఎల్‌సీడీ గాజు ఒక్కటే తీసి మీ బోర్డు మీద పెట్టుకుంటే మీ చిప్ మీదే, మీ లెక్క మీదే. నేనైతే ఎప్పుడూ ఈ దారే వెతుకుతాను.

మొత్తం మీటరు మారిస్తే అందులో వేరే బండి కిలోమీటర్లు ఉంటాయి. ఎవరైనా తక్కువ అంకె పెట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి. ఆ అంకె చూసే రేపు టైమింగ్ బెల్టు మార్చాలా వద్దా అని ఒకరు నిర్ణయిస్తారు. బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి, అది రోడ్డు మధ్యలో జరగొచ్చు. అంకె తగ్గించి బండి అమ్మడం మోసం. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకు నియమం ఇంకా స్పష్టంగా ఉంది. మరమ్మతులో పాత రీడింగు నిలబెట్టడం కుదరకపోతే మీటరును సున్నాకి పెట్టి, పాత మైళ్ళు, మరమ్మతు తేదీ రాసిన నోటీసును ఎడమవైపు డోర్ ఫ్రేముకు అంటించాలి.

మన దగ్గర అలాంటి నోటీసు అలవాటు లేకపోయినా నేను ఒక కాగితం మీద పాత మీటరు రీడింగు, కొత్త మీటరు వేసిన రోజు దాని రీడింగు, తేదీ, బండి నంబరు రాసి, రెండు మీటర్ల ఫోటోలతో కలిపి ఆర్‌సీ పక్కన పెట్టమని అందరికీ చెబుతాను. బండి అమ్మేటప్పుడు ఆ కాగితం కొనేవాళ్ళ చేతికివ్వండి. డిస్‌ప్లే ఒక్కటే బాగుచేసినా సర్వీసు పుస్తకంలో ఒక వరుస రాయండి. మా నాన్నగారి నోటుబుక్కులో అది ఇలా ఉంది: "మీటరు అంకెలు బాగుచేశాం. రీడింగు 78,412. ఆయిల్ మార్చాం."